‘ఐ వండర్’ అంటే ఆశ్చర్యపోవడమేనా?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది విజయవాడ. ఇంగ్లిష్ సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పనిలో చేరి నాలుగు నెలలైంది. మొన్న నేను పంపిన ఎపిసోడ్‌లో మూడు చోట్ల ‘ఐ వండర్’ వచ్చింది. ఒక చోట తల్లి కొడుకు కోసం కిటికీ దగ్గర నిలబడి ‘ఐ వండర్ వేర్ హీ ఈజ్’ అంటుంది. ఇంకోచోట పిక్నిక్‌కి బయల్దేరబోతున్న పిల్లాడు ‘ఐ వండర్ ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అంటాడు. మూడోచోట ఇన్‌స్పెక్టర్ ఉత్తినే ‘ఐ వండర్’ అని ఊరుకుంటాడు. మూడింటికీ ‘ఆశ్చర్యపోతున్నాను’ అని రాశాను. మా ఎడిటర్ మూడూ కొట్టేసి, పక్కన ‘ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు’ అని రాశారు. డిక్షనరీలో చూస్తే వండర్ అంటే ఆశ్చర్యపడు అనే ఉంది.

ఇంకో సంగతి. అమెరికాలో ఉండే మా మేనేజర్ ఒక మెయిల్ పెట్టారు: ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ సెండ్ ద ఫైల్ బై ఫ్రైడే.’ ఆయనేదో తనలో తాను అనుకుంటున్నారని ఊరుకున్నాను. సోమవారం మీటింగ్‌లో ఫైలేదని అడిగారు. కంగారులో ‘ఐ వాజ్ వండర్డ్’ అన్నాను. అవతల ఒకమ్మాయి నవ్వు ఆపుకోవడం స్క్రీన్ మీద కనిపించింది. ఒక్క మాట దగ్గర ఇన్నిసార్లు పడ్డాను. దీని సంగతేమిటో కాస్త చెబుతారా?
పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఎడిటర్ రాసిన మాట చదివితే నాకు మా పాత డెస్కు ఇన్‌చార్జి గుర్తొచ్చారు. నేను పత్రికలో చేరిన కొత్తలో ఒక ఏజెన్సీ కాపీ తర్జుమాకి ఇచ్చారు. ఏదో జబ్బు ఎలా పాకుతోందన్న వార్త. అందులో శాస్త్రవేత్తలు ‘వండర్ వెదర్’ (ఔనా కాదా అని) అనే వాక్యం ఒకటుంది. నేను ‘శాస్త్రవేత్తలు ఆశ్చర్యం వ్యక్తం చేశారు’ అని రాసిచ్చేశాను. ఆయన ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి, ‘వాళ్లకంత ఆశ్చర్యం దేనికయ్యా, వాళ్ల పనే అది కదా’ అన్నారు. నేను డిక్షనరీ తీసి చూపించాను. అచ్చం మీలాగే.

డిక్షనరీ అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. వండర్ చాలా పాత మాట. సర్‌ప్రైజ్ లాంటివి ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి దిగుమతి కాకముందే ఉన్నది. పాత ఇంగ్లిష్‌లో ‘వుండోర్’ అంటే వింత, ‘వుండ్రియన్’ అంటే వింతపడటం. 13వ శతాబ్దం చివరికల్లా దానికి రెండో అర్థం మొలిచింది: తెలియని సంగతిని తనలో తాను ప్రశ్నించుకోవడం. వింత చూసినవాడు నోరు తెరుచుకుని అక్కడే ఆగిపోడు కదా, ‘ఇదెలా అయింది?’ అనుకుంటాడు. నోరు తెరవడం మొదటి అర్థం, అనుకోవడం రెండోది. ఇవాళ్టి మాటల ఇంగ్లిష్‌లో పెత్తనమంతా రెండోదానిదే. జర్మన్‌వాళ్లు ఈ రెంటినీ వేరు చేసేసుకున్నారు. వింతపడితే ‘ఇహ్ వుండరె మిహ్’ అంటారు, ప్రశ్నించుకుంటే ‘ఇహ్ ఫ్రాగె మిహ్’, అంటే నన్ను నేను అడుగుతున్నాను అంటారు. ఇంగ్లిష్‌వాళ్లు మాత్రం రెండు కాపురాలనూ ఒకే ఇంట్లో ఉంచేశారు. మన తికమకంతా అక్కడిదే.

నిజానికి ఈ మాట మన నోటికి చాలా చిన్నప్పుడే వచ్చింది. ఎల్‌కేజీలో చేతులు తిప్పుతూ పాడిన చుక్క పాట గుర్తుందిగా, 1806లో జేన్ టేలర్ అనే ఆవిడ అచ్చువేసిన పద్యం. అందులో ‘హౌ ఐ వండర్ వాట్ యు ఆర్’ అని ఉంటుంది. మా టీచరు దానికి ‘ఓ నక్షత్రమా, నీవేమిటని నేను ఆశ్చర్యపడుచున్నాను’ అని అర్థం చెప్పి, బెత్తంతో బల్ల మీద కొట్టి మరీ కంఠతా పట్టించారు. ఆకాశంలో చుక్కను చూసిన ఏ పిల్లా అలా అనదు. ‘ఏమిటో నువ్వు!’ అంటుంది.

మీ మొదటి వాక్యం ఇప్పుడు చూడండి. సీరియల్ కాసేపు పక్కన పెట్టండి. రాత్రి తొమ్మిదైనా మీ తమ్ముడు ఇంటికి రాలేదు. మీ అమ్మగారు గుమ్మంలో నిలబడి ఏమంటారు? ‘ఎక్కడున్నాడో వీడు’ అంటారు. ఆ ‘ఎక్కడున్నాడో’ చివర ఒక ‘ఓ’ ఉంది చూశారూ, అదేనమ్మా వండర్. ఇంగ్లిష్‌కి ఒక కర్తా ఒక క్రియా కావలసిన పనిని తెలుగు ఒక్క అచ్చుతో చక్కబెట్టేస్తుంది. ‘నేను’ అని వేరే చెప్పక్కర్లేదు, ఆ ఓ పలికినవాళ్ల మనసే అది. కొంచెం బరువు కావాలంటే ‘ఎక్కడున్నాడో ఏమిటో’, ఇంకొంచెం విసుగు కావాలంటే ‘ఎక్కడున్నాడబ్బా’. మావైపు పెద్దవాళ్లయితే ‘ఎక్కడికెళ్లాడు చెప్మా’. ఈ ‘చెప్మా’ చూడ్డానికి ఎవరినో చెప్పమని అడుగుతున్నట్టుంటుంది, తీరా చూస్తే ఎదురుగా ఎవరూ ఉండరు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మా నాన్నగారి నోట రోజుకు రెండుసార్లయినా వినేవాణ్ణి. తెలంగాణలో ‘ఏడికి పోయిండో ఏమో’, సీమలో ‘యాడికి పోయినాడో ఏమో’. యాసలు మారాయిగానీ ఓ మాత్రం కదల్లేదు. తమిళంలో, కన్నడంలో కూడా ఇదే ఓ ఇదే పని చేస్తుంది. హిందీవాళ్లయితే వాక్యం ముందు ‘న జానే’ పెట్టుకుంటారు. ఇన్ని భాషల్లో ఎవరూ ఆశ్చర్యం జోలికి పోలేదు చూడండి.

మీ రెండో వాక్యం ఇంతకంటే గమ్మత్తయింది. వేర్, వై, హూ లాంటి ప్రశ్నమాట ఉన్నప్పుడు తెలుగులో ఓ చాలు: ఎక్కడున్నాడో, ఎందుకెళ్లాడో, ఎవరొచ్చారో. ‘వండర్ ఇఫ్’ అన్నప్పుడు ప్రశ్నమాట ఉండదు కాబట్టి మనకు రెండు దారులున్నాయి. ‘వాన పడుతుందేమో’ ఒకటి, ‘వాన పడుతుందో లేదో’ ఇంకొకటి. ఈ రెండూ ఒకటి కావు. డాబా మీద వడియాలు పెట్టినావిడ మబ్బు చూసి ‘వాన పడుతుందేమో’ అంటుంది. విత్తనాలు తెచ్చి పెట్టుకున్న రైతు అదే మబ్బు చూసి ‘పడుతుందో లేదో’ అంటాడు. మొదటిదాంట్లో పడేలా ఉందన్న జంకు ఉంది. రెండోదాంట్లో పడకపోతే ఎలాగన్న దిగులుంది. ఇంగ్లిష్ ‘ఇఫ్’ ఈ తేడా చెప్పదు, ఆ మాట అన్న మనిషికి ఏం కావాలో చూసి మనమే తేల్చుకోవాలి. మీ పిల్లాడు పిక్నిక్‌కి వెళ్లాలి, వాన రాకూడదు. కాబట్టి ‘వాన పడుతుందేమో!’ అని రాయండి. డిక్షనరీ ఇవ్వలేనిది ఇదే. మీ ఎడిటర్ కోపం కూడా దీనిమీదే అయ్యుంటుంది.

కథనంలో మూడో మనిషి గురించి వచ్చినప్పుడు మాత్రం ఓ ఒక్కటే సరిపోదు. ‘షీ వండర్డ్ వై హీ హాడ్ లెఫ్ట్’ అన్నచోట ‘ఎందుకెళ్లిపోయాడా అనుకుంది’ అనాలి. లేదా ‘ఎందుకెళ్లిపోయాడో ఆమెకు అంతుపట్టలేదు’ అనాలి. ‘తేల్చుకోలేకపోయింది’ కూడా కొన్నిచోట్ల బాగా అతుకుతుంది.

మరి వండర్‌కి ఆశ్చర్యం అన్న అర్థం ఎక్కడా లేదా అంటే, ఉంది. దాని వెనక ‘ఎట్’ వస్తే ఎక్కువగా అదే. లేపాక్షి వీరభద్రాలయం చూశారా? మంటపం కప్పు మీద విజయనగర కాలపు రంగుల బొమ్మలుంటాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాం. అది ‘వండర్ ఎట్’. అబ్బురపడి చూడటం. అక్కడే నేలకు పూర్తిగా ఆనని స్తంభం ఒకటుంది. వచ్చినవాళ్లంతా దాని కిందినుంచి తువ్వాలో చున్నీయో దూర్చి అటు లాగుతుంటారు. లాగినవాడు పైకి లేచి ‘ఇదెలా నిలబడిందో!’ అంటాడు చూశారూ, అది ‘వండర్ హౌ’. ఒకే గుళ్లో నాలుగడుగుల తేడాలో రెండు అర్థాలూ దొరుకుతాయి. ‘వండర్ అబౌట్’ అయితే ఇంకాస్త జాగ్రత్త. ఒక మనిషి గురించి ‘ఐ వండర్ అబౌట్ హిమ్’ అంటే మెచ్చుకోలు కాదు, ‘వాడి మీద నాకెందుకో అనుమానంగా ఉంది’ అన్నట్టు చాలాసార్లు.

ఇక మీ మేనేజర్ మెయిల్. మీరు తప్పుగా అర్థం చేసుకున్నారంటే నాకు మీమీద జాలే తప్ప నవ్వు రాలేదు. ఎందుకంటే అక్షరాలా చూస్తే మీరన్నదే నిజం: ‘మీరు శుక్రవారానికి ఫైలు పంపగలరేమో అని అనుకుంటూ ఉండేవాణ్ణి’. అనుకోండి స్వామీ, నాకేంటి!

కానీ ఒక్కసారి మీ వీధిలోకి రండి. పొద్దున్నే పక్కింటి పిన్నిగారు గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చి ఏమంటారు? ‘తోడుకి కాస్త పెరుగుంటుందేమోనని వచ్చానమ్మా.’ మీరేం చేస్తారు? ‘ఓహో, ఉందండీ’ అని తలుపేసుకుంటారా? గిన్నె అందుకుని లోపలికెళతారు. ఆవిడ పెరుగు ఇమ్మని అడగనే లేదు గమనించండి. ఉంటుందేమో అని ఒక సందేహం చెప్పారు, వచ్చాను అని భూతకాలంలో ఒక సమాచారం చెప్పారు. అడిగే మాటను అలా రెండు పొరల కింద దాచి పెట్టారు. లేదని చెప్పాల్సొచ్చినా మీకు ఇబ్బంది లేకుండా, తనకు చిన్నతనం లేకుండా. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ పని సరిగ్గా ఇదే. ఆ ‘వాజ్’ నిన్నటి సంగతి చెప్పడానికి కాదు, ఇవాళ్టి కోరికను ఒక అడుగు దూరంగా నిలబెట్టడానికి. ‘ఐ వండర్ ఇఫ్’ కొంచెం మెత్తన, ‘ఐ యామ్ వండరింగ్ ఇఫ్’ ఇంకొంచెం, ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ అన్నిటికంటే మెత్తన. పిన్నిగారూ మీ మేనేజరూ ఒకే బడిలో చదువుకున్నారు.

ఒక తేడా ఉంది. పిన్నిగారికి పెరుగు లేకపోతే ఇంకో ఇంటికెళతారు. పై అధికారి నోట ఈ మాట వస్తే మాత్రం అది చాలావరకు ఆజ్ఞే, దానికి మెత్తటి తొడుగు వేశారంతే. దాంట్లో తేదీ ఉంటే అస్సలు అనుమానించకండి. సందేహించేవాడు శుక్రవారం అని గడువు పెట్టడు. అయితే ప్రతి ‘వాజ్ వండరింగ్’ కోరికే అనుకోవద్దు. ‘ఐ వాజ్ వండరింగ్ వేర్ యు వర్’ అంటే ‘ఎక్కడికెళ్లిపోయావా అనుకుంటున్నా’, అందులో కోరికేమీ లేదు, కాస్త దెప్పుడుంటే ఉండొచ్చు. ‘ఇఫ్ యు కుడ్’ తోడొచ్చిందంటే చేయి చాచినట్టే.

జవాబెలా రాయాలని మీరు అడగలేదుగానీ చెబుతాను. పని అవుతుందంటే ‘షూర్, యు విల్ హావ్ ఇట్ బై ఫ్రైడే’. అవదంటే ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ఫ్రైడే విల్ బి డిఫికల్ట్. వుడ్ మండే వర్క్?’ జరిగిపోయినదానికి ‘సారీ, ఐ మిస్‌రెడ్ యువర్ మెసేజ్’ అని ఒక్క ముక్క రాసి ఫైలు జతచేసి పంపేయండి, సంజాయిషీ పేరాలు వద్దు. ఆ మాట మీరూ వాడుకోవచ్చు. సెలవు అడిగేటప్పుడు ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ ఐ కుడ్ టేక్ థర్స్‌డే ఆఫ్’ అంటే మన ఆఫీసుల్లో తరతరాలుగా తిరుగుతున్న ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ కంటే వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. రోజూ వాడకండి, మెత్తదనం అరిగిపోతుంది.

‘ఐ వాజ్ వండర్డ్’ దగ్గర మీరు చేసిన తప్పు నేనూ చేశాను, నాకు తెలిసిన లెక్చరర్లూ చేశారు. దాని వెనక మంచి కారణమే ఉంది. ‘ఐ యామ్ సర్‌ప్రైజింగ్’ అనకూడదు, ‘సర్‌ప్రైజ్డ్’ అనాలి అని బళ్లో మనకు వాతలు పెట్టి నేర్పారు. సర్‌ప్రైజ్, అమేజ్, అస్టానిష్, అస్టౌండ్, స్టార్టిల్, వీటన్నిటి తీరూ ఒకటే. బయటి నుంచి ఏదో వచ్చి మనిషి మీద పడుతుంది. సర్‌ప్రైజ్‌కి ఫ్రెంచిలో మూలార్థమే మీదపడి పట్టుకోవడం. శత్రువు ఏమరుపాటున ఉండగా చేసే దాడికీ అదే మాట. అస్టానిష్ లోపల ఉరుము ఉందంటారు. కాబట్టి వార్త నన్ను సర్‌ప్రైజ్ చేస్తుంది, నేను సర్‌ప్రైజ్డ్ అవుతాను. దెబ్బ తిన్నవాడికి ‘డ్’ తగులుతుంది.

ఈ పట్టుకోవడం మీద ఒక కట్టుకథ ఉంది. 1828లో అమెరికన్ ఇంగ్లిష్‌కి పెద్ద నిఘంటువు తెచ్చిన నోవా వెబ్‌స్టర్ పనిమనిషిని ముద్దుపెట్టుకుంటుండగా భార్య చూసి ‘ఐ యామ్ సర్‌ప్రైజ్డ్’ అందట. ఆయన తొణక్కుండా ‘కాదే, సర్‌ప్రైజ్ అయింది నేను. నువ్వు అస్టానిష్ అయ్యావు’ అని సరిదిద్దాడట. 1755లో నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్ మీద కూడా ఇదే కథ చెబుతారు, కాబట్టి ఎవరి కాపురానికీ ప్రమాదం లేదు. కానీ తేడా మాత్రం కథలో చక్కగా కుదిరింది. పట్టుబడినవాడు సర్‌ప్రైజ్డ్, పిడుగుపాటు తిన్నావిడ అస్టానిష్డ్.

వండర్ ఈ గుంపులోది కాదు. దాన్ని ఏ వస్తువూ మనకు చేయదు, మనమే చేస్తాం. నేను తిన్నాను, నేను నవ్వాను అన్నట్టే ‘ఐ వండర్డ్’. అందుకే ‘యువర్ సాంగ్ వండర్డ్ మీ’ అనకూడదు, ‘ఐ వాజ్ వండర్డ్’ కుదరదు. దీనికి తోడు మార్వెల్ ఒకటుంది, అదీ ఇంతే. నాకు నవ్వొచ్చేదేమిటంటే, మన తెలుగు ఆశ్చర్యాలు ఎక్కువగా ఈ వండర్ తీరులోనే ఉంటాయి. మనల్ని ఎవరూ తొయ్యరు. మనమే ఆశ్చర్యపోతాం, మనమే నివ్వెరపోతాం, తెల్లబోతాం, విస్తుపోతాం. ఇన్ని ఇంగ్లిష్ మాటల్లో మన నోటికి సుళువుగా పట్టాల్సింది ఇదొక్కటే. దానికీ పక్కవాటి ‘డ్’ తగిలించి పాడుచేసుకున్నాం. ఆ మీటింగ్‌లో మీరు అనబోయింది బహుశా ‘ఐ వాజ్ కన్‌ఫ్యూజ్డ్’. అదే అనేస్తే ఎవరూ నవ్వేవారు కాదు.

‘నో వండర్’ కూడా మీకు త్వరలో ఎదురవుతుంది, ఇప్పుడే చెప్పేస్తాను. ‘నో వండర్ హీ ఫెయిల్డ్’ అన్నచోట ‘అతను తప్పడంలో ఆశ్చర్యం లేదు’ అని రాస్తే తప్పుకాదుగానీ, ప్రాణం ఉండదు. ‘తప్పక ఏం చేస్తాడు!’ అనండి. ఎవరో అసలు సంగతి చెప్పగానే అవతలివాడు ‘నో వండర్!’ అంటే ‘ఓహో, అందుకా!’. పలకడంలో ఒక చిక్కు ఉంది: దీనిలో ఇంగ్లిష్ ‘ఓ’ (o) రాసి ‘వండర్’ అంటాం, తిరగడం అనే అర్థమున్న ఇంకో మాటలో ‘ఏ’ (a) రాసి ‘వాండర్’ అంటాం. ఇంగ్లిష్ స్పెల్లింగులతో మన గొడవ ఇవాళ్టిది కాదు, వదిలేయండి.

మిగిలింది మీ ఇన్‌స్పెక్టర్. మీరు సన్నివేశం రాయలేదుగానీ, ఇలాంటివి ఎలా ఉంటాయో చూసిన అనుభవంతో ఊహిస్తున్నాను. ఎవరో వచ్చి ‘ఆ రాత్రి అతను ఇల్లు కదల్లేదండీ’ అని చెబుతారు. ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూస్తూ ‘ఐ వండర్’ అంటాడు. వెనక ఇఫ్ లేదు, వేర్ లేదు, ఎట్ లేదు. ఇలా ఒంటరిగా వచ్చినప్పుడు అది నమ్మకం లేదని చెప్పడం. కాదనడు, అబద్ధమనడు, ఒప్పుకోడు కూడా. పక్కన కానిస్టేబుల్‌తో చనువుంటే ‘అంటావా?’ అని రాయండి. సాక్షిని గుచ్చాలంటే ‘నిజమేనా?’ సరిపోతుంది. అతను ఎవరి మొహం చూడకుండా తనలో తాను అనుకుంటుంటే మాత్రం, మీ ఏడక్షరాల ‘ఆశ్చర్యపోతున్నాను’ ప్రేక్షకుడు చదివేలోపు సీను మారిపోతుంది. రెండక్షరాలు వేయండి: ‘ఏమో.’